రెండు బ్లేడ్ల రోటర్‌ను సైన్యాలు ఎందుకు వదిలేశాయి? హబ్, బేరింగులు, వేగం మీద చర్చ

గాలిపటం:
అమెరికా సైన్యం రవాణా హెలికాప్టర్ హ్యూయీ తొలి నమూనా 1956 అక్టోబరు 20న ఎగిరింది. రెండే బ్లేడ్లు. ఆపాక వాటిని హెలికాప్టర్ పొడవునా తిప్పి పెడితే హ్యాంగర్‌లో పక్కపక్కనే చాలా నిలబెట్టొచ్చు. బ్లేడ్లు బిగించే నడిమి భాగమైన హబ్‌లో విడిభాగాలు కూడా తక్కువ. 1965 సెప్టెంబరులో ఎగిరిన దాడి హెలికాప్టర్ కోబ్రాకూ ఇదే తరహా రోటర్. ఇంత తేలికైన ఏర్పాటు ఉండగా 1970లలో రవాణాకు బ్లాక్‌హాక్, దాడికి అపాచీ నాలుగు బ్లేడ్లతో ఎందుకు వచ్చాయి? ఆఖరికి హ్యూయీ, కోబ్రా వారసులైన యూహెచ్-1వై, ఏహెచ్-1జెడ్ కూడా నాలుగు బ్లేడ్లకే మారాయి. మోసే బరువు పెరగడమే కారణమా, లేక హబ్‌లోనే ఏదైనా ఇబ్బంది ఉందా?

స్వాష్‌ప్లేట్:
బరువు ఒక కారణం. అసలు సంగతి మాత్రం హబ్‌లోనే ఉందండి.

హ్యూయీ హబ్‌లో రెండు బ్లేడ్లనూ ఒకే దిమ్మకు బిగించి, ఆ దిమ్మను మాస్ట్ (రోటర్‌ను తిప్పే నిలువు కడ్డీ) కొసన ఒక్క ఇరుసు మీద ఊగేలా పెట్టారు. త్రాసు కాడలాగా ఒక పక్క లేస్తే రెండో పక్క దిగుతుంది. ఊగే కేంద్రం సరిగ్గా మాస్ట్ మధ్య గీత మీదే ఉంటుంది కాబట్టి రోటర్ ఎంత వాలినా మాస్ట్‌ను వంచే బలం దాదాపు ఉండదు. మాస్ట్ సన్నగా, హబ్ తేలిగ్గా ఉండగలిగింది అందుకే. దానికి మూల్యం ఏమిటంటే, పైలట్ సైక్లిక్ (రోటర్‌ను కావలసిన వైపు వాల్చే కర్ర) కదిపినప్పుడు ఒళ్లు తిరిగేది ఒకే కారణం వల్ల: రోటర్ ఎత్తే బలం వాలి, ఆ బలం గురుత్వ కేంద్రం పక్కనుంచి లాగుతుంది. ఎత్తే బలం లేకపోతే అదుపూ లేదు.

ఇప్పుడు పైలట్ గుట్ట దాటగానే సైక్లిక్‌ను గట్టిగా ముందుకు తోశాడనుకోండి. రోటర్ మీద భారం సున్నాకు దగ్గరగా పడిపోతుంది. తోక రోటర్ మాత్రం పక్కకు తోస్తూనే ఉంటుంది. అది గురుత్వ కేంద్రం కంటే పైన ఉండటం వల్ల హెలికాప్టర్ కుడివైపు దొర్లడం మొదలుపెడుతుంది (పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగే అమెరికన్ రోటర్ల సంగతి ఇది). పైలట్ సహజంగానే ఎడమకు లాగుతాడు. రోటర్ ఎడమకు వాలుతుంది, ఒళ్లు మాత్రం కుడికి దొర్లుతూనే ఉంటుంది. రెండింటి మధ్య కోణం పెరిగి హబ్ కింది అంచు మాస్ట్‌ను కొడుతుంది. మాస్ట్ తెగిందంటే ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

విరుగుడు: దొర్లుడును సరిచేయాలని ముందే ప్రయత్నించకూడదు. సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తీసుకుని రోటర్ మీద మళ్లీ భారం పడనివ్వాలి. ఆ తర్వాతే ఎడమకు.

టార్క్‌రెంచ్:
పైన చెప్పింది గాల్లో జరిగేది. నేల మీద కూడా హబ్, మాస్ట్ కొట్టుకునే సందర్భాలు ఉన్నాయి: వాలు నేల మీద దిగి సైక్లిక్‌ను అంచుదాకా పట్టి ఉంచడం, విసురుగాలిలో స్టార్ట్ చేయడం లేదా ఆపడం, నేల మీద ఉండగా సైక్లిక్‌ను పెద్దగా అటూ ఇటూ తిప్పడం. అనుమానం వస్తే హబ్ ఊగుడుకు హద్దు పెట్టే స్టాప్‌లు తగిలే ఎత్తులో మాస్ట్ చుట్టూ శుభ్రంగా తుడిచి చూడాలి. వేలిగోరుకు తగిలే నొక్కు కనిపిస్తే దాన్ని అరగదీసి సరిచేసేద్దాం అనుకోకూడదు, మాన్యువల్ పరిమితి తీసి చూడాలి. నొక్కు పడ్డ చోటే అలసట పగులు మొదలవుతుంది. మాస్ట్ తిరిగే ప్రతి చుట్టుకూ ఆ చోట వంగుడు భారం మారుతుంది.

నీలాకాశం:
నేను రెండు బ్లేడ్ల తరఫున మాట్లాడతాను. లీడ్-ల్యాగ్ డ్యాంపర్లు (బ్లేడ్లు అడ్డంగా ఊగడాన్ని అణిచేవి) లేవు, గ్రౌండ్ రెజొనెన్స్ (నేల మీద ఉండగా రోటర్ ఊపు పెరిగిపోవడం) బాధ లేదు, గ్రీజు పెట్టాల్సిన చోట్లు తక్కువ. యుద్ధభూమిలో మార్చాల్సిన భాగాలు తక్కువ ఉండటం చిన్న విషయం కాదు. గుట్టలు దాటేటప్పుడు ముందుకు తోయొద్దని పైలట్‌కు శిక్షణ ఇస్తే సరిపోదా?

స్వాష్‌ప్లేట్:
రవాణా పనికి సరిపోవచ్చు. దాడి హెలికాప్టర్ పని వేరు. చెట్ల ఎత్తున నేలను అంటిపెట్టుకుని ఎగరాలి, కనిపించకుండా ఉండటానికి గుట్ట దాటగానే ముక్కు దించాలి. వద్దన్న పనే దాని రోజువారీ పని. అందుకే 1972లో అమెరికా సైన్యం మొదలుపెట్టిన పోటీలోంచి అపాచీ నాలుగు బ్లేడ్ల హబ్‌తో బయటికి వచ్చింది.

తేడా ఎంతో అంకెల్లో చూద్దాం. బ్లాక్‌హాక్ రోటర్ వ్యాసం 16.36 మీటర్లు, బ్లేడు ఊగే కీలు మధ్య గీత నుంచి 0.38 మీటర్ల దూరంలో ఉంది. అంటే వ్యాసార్ధంలో 4.7 శాతం. రోటర్ నిమిషానికి 258 చుట్లు, అంటే సెకనుకు 27 రేడియన్లు. బ్లేడు 100 కిలోలు, దాని గురుత్వ కేంద్రం 4 మీటర్ల దూరంలో అనుకుంటే బయటికి లాగే బలం 100 × 4 × 27 × 27, సుమారు 2,90,000 న్యూటన్లు. దాదాపు 30 టన్నులు, ఒక్కో బ్లేడుకు.

రోటర్ ఒక్క డిగ్రీ వాలితే ఆ లాగుడు వల్ల హబ్ మీద పడే తిప్పుడు బలం నాలుగు బ్లేడ్లకు కలిపి దాదాపు 3,900 న్యూటన్ మీటర్లు. 10 టన్నుల ఎత్తుడు బలం గురుత్వ కేంద్రానికి 2 మీటర్ల పైన ఒక డిగ్రీ వాలితే వచ్చేది సుమారు 3,400. మామూలుగా ఎగురుతున్నప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి. భారం సున్నా అయినప్పుడు రెండోది మాయమవుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. హ్యూయీకి ఆ మొదటిదే లేదు. నా దృష్టిలో సైనిక హెలికాప్టర్ల పరిణామంలో ఇంజిన్ తర్వాత అతిపెద్ద అడుగు ఈ 0.38 మీటర్లే.

గాలిపటం:
ఇంజిన్ తర్వాత అన్నారు కాబట్టి అడుగుతున్నాను. టర్బైన్ వల్ల శక్తి పెరగడం తప్ప ఆకారం మీద ప్రభావం ఏమైనా ఉందా?

టార్క్‌రెంచ్:
చాలా ఉంది. సికోర్‌స్కీ హెచ్-34ను చూడండి. సిలిండర్లు నక్షత్రాకారంలో ఉన్న 1,500 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్ బరువు అర టన్నుకు పైమాటే. దాన్ని పైన పెడితే గురుత్వ కేంద్రం చెడుతుంది, అందుకని ముక్కులో పెట్టారు. షాఫ్ట్ అక్కడినుంచి ఏటవాలుగా పైకి గేర్‌బాక్స్ దాకా పోవాలి కాబట్టి పైలట్లను దాని పైన, అంత ఎత్తున కూర్చోబెట్టారు. హ్యూయీలోని టీ53 టర్బైన్ 1,100 హార్స్‌పవర్ ఇస్తూ పావు టన్ను లోపే తూగింది. కప్పు మీద, గేర్‌బాక్స్ వెనకే పెట్టేశారు. కింద క్యాబిన్ మొత్తం ఖాళీ, రెండు వైపులా పెద్ద తలుపులు. కోబ్రాకు అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉంచి, ఒళ్లు మాత్రం 91 సెంటీమీటర్ల వెడల్పుకు సన్నం చేసి, ఇద్దరినీ ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టారు. ఆ తర్వాత వచ్చిన దాడి హెలికాప్టర్లలో చాలావాటికి అదే ఆకారం.

బ్లేడ్‌ట్రాకర్:
నీలాకాశం గారి డ్యాంపర్ల మాట వదిలేయకూడదు, అది న్యాయమైన అభ్యంతరం. కీళ్లు ఎందుకు పుట్టాయో చూస్తే డ్యాంపర్లు ఎందుకో తెలుస్తుంది. స్పెయిన్‌కు చెందిన హువాన్ దె లా సియెర్వా తొలి ఆటోజైరోలు (ఇంజిన్‌తో కాక గాలితోనే తిరిగే రోటర్ ఉన్న విమానాలు) నేల వదలకముందే పక్కకు తిరగబడ్డాయి, ఎందుకంటే ముందుకు వెళ్తున్నప్పుడు ఒక పక్క బ్లేడుకు గాలి ఎక్కువ, రెండో పక్క తక్కువ. 1923 జనవరిలో ఎగిరిన సీ.4లో ప్రతి బ్లేడు మొదలు దగ్గర పైకీ కిందకీ ఊగే కీలు పెట్టాడు. గాలి ఎక్కువ తగిలిన బ్లేడు పైకి లేచి ఆ అదనపు బలాన్ని తనే తగ్గించుకుంటుంది. కానీ పైకి లేచిన బ్లేడు ద్రవ్యం కేంద్రానికి దగ్గరవుతుంది కాబట్టి అది ముందుకు పరుగెత్తాలని చూస్తుంది. ఆ భారం బ్లేడు మొదలు దగ్గరే పడి పగుళ్లు వస్తాయి. దానికోసం అడ్డంగా కదిలే రెండో కీలు. ఆ రెండో కీలు వచ్చాక గ్రౌండ్ రెజొనెన్స్ వచ్చింది, దానికి డ్యాంపర్ వచ్చింది.

జరిగేది ఇది. బ్లేడ్ల మధ్య ఎడాలు సమానంగా లేకపోతే మొత్తం రోటర్ ద్రవ్యకేంద్రం మాస్ట్ నుంచి పక్కకు జరుగుతుంది. అది తిరుగుతూ ఒళ్లును ఊపుతుంది. ఆ ఊపు, చక్రాల మీద ఒళ్లు ఊగే సహజ వేగం కలిస్తే ఊపు ఊపుకూ బలం పెరుగుతుంది. కొద్ది సెకన్లలో హెలికాప్టర్ ముక్కలైపోగలదు. కారణాలు దాదాపు ఎప్పుడూ నిర్వహణలోనే దొరుకుతాయి: ఒక డ్యాంపర్‌లో ఆయిల్ కారి గాలి చేరడం, చక్రాల కుదుపు తగ్గించే ఓలియో స్ట్రట్‌లో నైట్రోజన్ తగ్గడం, టైర్లలో గాలి అటూ ఇటూ ఒకటిగా లేకపోవడం. ఆపై ఒక చక్రం మీద గట్టిగా దిగితే ఊపు మొదలవుతుంది. రోటర్ చుట్లు ఎగిరే స్థాయిలో ఉంటే వెంటనే గాల్లోకి లేవాలి, నేల వదిలితే ఊపు ఆగుతుంది. చుట్లు తక్కువగా ఉంటే కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి కోణం ఒకేసారి మార్చే లివర్) దించి, ఇంజిన్ తగ్గించి, రోటర్ బ్రేక్ వేయాలి. మధ్యలో తటపటాయించడమే ప్రమాదం.

నీలాకాశం:
వివరణకు ధన్యవాదాలు. అయితే బ్లాక్‌హాక్ హబ్‌లో మూడు కదలికలకూ కలిపి ఒకే రబ్బరు బేరింగ్ అంటారు. 30 టన్నుల లాగుడును రబ్బరు ఎలా ఓర్చుకుంటుంది?

బ్లేడ్‌ట్రాకర్:
లాగుడులో కాదు, నొక్కుడులో ఓర్చుకుంటుంది. గోళం ముక్క ఆకారంలో పల్చటి లోహపు రేకు, రబ్బరు పొర, మళ్లీ రేకు, ఇలా ఒకదానిమీద ఒకటి అతికించి ఉంటాయి. బ్లేడు బయటికి లాగినప్పుడు ఈ కట్ట మొత్తం నలుగుతుంది. నలిగేటప్పుడు రబ్బరు పక్కలకు పోకుండా రేకులు పట్టి ఉంచుతాయి. కోసే దిశలో మాత్రం మెత్తగా ఉంటుంది, కాబట్టి పైకీ కిందకీ, అడ్డంగా, మెలిక తిరగడానికీ అడ్డం రాదు. గ్రీజు లేదు, సీలు లేదు, ఆయిల్ లేదు. పాతతరం హబ్‌లో ఒక్కో కీలులో ఉక్కు బేరింగులు, వాటికి సీళ్లు, దుమ్ము చొరబడితే గుంతలు. ఈ బేరింగ్‌లో ఆ తంటా ఏదీ ఉండదు.

మంచి గుణం ఇంకోటి: ఇది చెప్పి చెడుతుంది. ఉక్కు బేరింగ్ లోపల పగిలితే బయటికి కనిపించదు. రబ్బరు అంచుల దగ్గర రాలడం మొదలై నెమ్మదిగా లోపలికి పోతుంది.

టార్క్‌రెంచ్:
చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి. అంచున రబ్బరు పొడి, సన్నని పోగులు కనిపించడం మామూలే, దానికే బేరింగ్ మార్చేయకండి. లోతు కొలవాలి: పల్చటి ఫీలర్ గేజ్‌ను ఒత్తిడి పెట్టకుండా పగులులోకి దూర్చి ఎంత పోయిందో, ఎంత చుట్టు కొలత మేర ఉందో రాయాలి. పరిమితి ఆ హెలికాప్టర్ మాన్యువల్‌లో ఉంటుంది, ఒకదాని పరిమితి ఇంకోదానికి పనికిరాదు. రేకు అంచు బయటికి పొడుచుకొస్తే, రేకు పగిలితే, రేకుకూ రబ్బరుకూ మధ్య అతుకు విడితే అది వేరే సంగతి, అక్కడ వాదన ఉండదు.

శుభ్రం చేయడానికి సాల్వెంట్ వాడొద్దు. ఇంధనం, హైడ్రాలిక్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. పైన గేర్‌బాక్స్ సీలు కారుతుంటే ముందు ఆ కారడం ఆపి, తర్వాత బేరింగ్‌ను సబ్బునీళ్లతో తుడవాలి. బాగా చలిగా ఉన్నచోట రాత్రంతా నిలబెట్టిన హెలికాప్టర్‌లో రబ్బరు బిగుసుకుని ఉంటుంది. కంట్రోళ్లను పెద్దగా కదపకుండా రోటర్‌ను కాసేపు తిప్పి వేడెక్కనివ్వాలి.

బ్లేడు చూస్తున్నప్పుడు అది ఊరకే వేలాడుతుందని మరవొద్దు. తిరుగుతున్నప్పుడు మూసుకునే పగులు ఆగినప్పుడు తెరుచుకుంటుంది. కాబట్టి బ్లేడు కొసను ఒకరు మెల్లగా ఎత్తి పట్టుకుంటే రెండు స్థితుల్లోనూ చూడొచ్చు.

గాలిపటం:
బ్లేడు లోపల పగులు మొదలైతే ఎలా పట్టుకుంటారు?

బ్లేడ్‌ట్రాకర్:
బ్లాక్‌హాక్ తొలి బ్లేడ్లలో బోలు టైటానియం స్పార్ (బ్లేడు పొడవునా ఉండే వెన్నెముక) ఉంది. దాన్ని నైట్రోజన్‌తో నింపి మూసేశారు. బ్లేడు మొదలు దగ్గర చిన్న సూచిక ఉంటుంది. ఎక్కడ పగులు వచ్చినా పీడనం పడిపోయి సూచికలో ఎరుపు కనిపిస్తుంది. ఎగిరే ముందు నాలుగు సూచికలూ చూడటం తప్పనిసరి. పూర్తి కాంపోజిట్ (నారలను జిగురుతో అతికించి చేసిన) బ్లేడ్లలో ఇలాంటిది అక్కర్లేదు, నారలు ఒక్కొక్కటిగా తెగుతాయి, పగులు ఒక్కసారిగా పాకదు. 23 మిల్లీమీటర్ల గుండు తగిలినా ఇంటికి తీసుకురాగల బ్లేడు అనే షరతు ఆ కాలంలోనే వచ్చింది.

కాంపోజిట్‌కు బలహీనత ముందంచు. టైటానియం, నికెల్ రేకులు వానకు ఆగుతాయి గానీ ఇసుకకు అరుగుతాయి, రాత్రిపూట ఇసుకలో దిగుతుంటే రోటర్ చుట్టూ మెరుపు వలయం కనిపించేది అందుకే. పాలియురెథేన్ టేప్ ఇసుకకు బాగా ఆగుతుంది, వానలో చిల్లులు పడుతుంది. ఏ ప్రాంతానికి వెళ్తున్నారో చూసి నిర్ణయించాలి.

నీలాకాశం:
నాలుగు బ్లేడ్లను ఒకే దారిలో తిప్పడం రెండింటికంటే కష్టమా?

బ్లేడ్‌ట్రాకర్:
పద్ధతి ఒకటే, ఓపిక ఎక్కువ కావాలి. ముందు ఏ కంపనమో తేల్చుకోవాలి. బ్లాక్‌హాక్‌లో చుట్టుకు ఒకసారి వచ్చేది సెకనుకు 4.3. చుట్టుకు నాలుగుసార్లు వచ్చేది 17.2. రెండోది నాలుగు బ్లేడ్ల రోటర్‌కు పుట్టుకతో వచ్చింది, దాన్ని బరువులు పెట్టి పోగొట్టలేరు. హబ్ పైన లోలకాల్లా వేలాడే బైఫిలర్ బరువులు ఆ కుదుపును తగ్గించడానికే. 17.2 హఠాత్తుగా పెరిగితే బ్లేడ్ల జోలికి పోకుండా ఆ లోలకాల బుష్‌లు అరిగాయేమో చూడండి.

చుట్టుకు ఒకసారి వచ్చేది పైకీ కిందకీ ఉంటే ట్రాక్ సమస్య (బ్లేడు కొసలు ఒకే దారిలో తిరగకపోవడం), పక్కలకు ఉంటే బరువు సమస్య అని మొదట అనుకోవచ్చు. నేల మీద పిచ్ లింకులతో (బ్లేడు కోణం మార్చే కడ్డీలతో) ట్రాక్ దగ్గరకు తెచ్చి, హబ్ దగ్గర బరువులతో పక్కల కుదుపు తగ్గించి, తర్వాత హోవర్ (గాల్లో ఒకేచోట నిలవడం), ఆ తర్వాత వేగం పెంచుతూ కొలవాలి. హోవర్‌లో బాగుండి వేగంలో చెడితే ట్రిమ్ ట్యాబ్ (బ్లేడు వెనకంచున ఉండే చిన్న రేకు) వంచాలి, ఎందుకంటే ట్యాబ్ ప్రభావం గాలి వేగంతో పాటు పెరుగుతుంది, పిచ్ లింక్ అన్నిచోట్లా పనిచేస్తుంది. సాధారణంగా సెకనుకు 0.2 అంగుళాల లోపు వస్తే బాగున్నట్టే. ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పూ రాసి పెట్టడం. ఎన్నిసార్లు సరిచేసినా ఒకే బ్లేడు తప్పిపోతుంటే ఆ బ్లేడు డ్యాంపర్‌ను అనుమానించండి.

స్వాష్‌ప్లేట్:
కీళ్లే లేకుండా చేయాలన్న ప్రయత్నం కూడా చెప్పాలి. 1967 ఫిబ్రవరిలో ఎగిరిన జర్మన్ బో 105లో టైటానియం హబ్, గ్లాస్ ఫైబర్ బ్లేడ్లు. బ్లేడు తనే వంగుతుంది. లెక్కకు ఊగే కీలు వ్యాసార్ధంలో దాదాపు 14 శాతం దూరంలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. చేతిలో చురుకు ఎలా ఉంటుందో ఊహించండి. అదే సంవత్సరం సెప్టెంబరులో లాక్‌హీడ్ షెయన్ వచ్చింది: గట్టి రోటర్, పైన స్థిరత్వానికి గైరో, వెనక తోసే ప్రొపెల్లర్. 1969 మార్చి 12న రోటర్ రెండు చుట్లకు ఒకసారి ఊగే కదలిక అదుపు తప్పి బ్లేడ్లు ఒంటినే కోశాయి, పైలట్ మరణించాడు. రోటర్ ఊగిసలాట కంట్రోళ్లలోకి తిరిగొచ్చి దాన్నే పెంచింది. తర్వాత కంట్రోల్ వ్యవస్థను మార్చారు గానీ 1972లో ప్రాజెక్టునే రద్దు చేశారు. గట్టి హబ్‌లో చురుకుతో పాటు ప్రతి కదలికా ఒంటికి చేరుతుంది, ఆ దారులన్నీ ముందే లెక్క వేసుకోవాలి.

గాలిపటం:
హబ్ ఇంత బాగుపడింది కదా, వేగం మాత్రం 300 కిలోమీటర్ల దగ్గరే ఎందుకు ఆగింది?

స్వాష్‌ప్లేట్:
అది హబ్ తప్పు కాదు. బ్లాక్‌హాక్ బ్లేడు కొస వేగం సెకనుకు 221 మీటర్లు. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83. ముందుకు వచ్చే కొసకు 304, వెనక్కి పోయే కొసకు 138. 15 డిగ్రీల గాలిలో 304 అంటే మాక్ 0.89. మైనస్ 40 డిగ్రీల్లో ధ్వని వేగం 306కు పడిపోతుంది, అప్పుడు అదే కొస ధ్వని అంచున ఉంటుంది. రెండో పక్క హబ్ నుంచి సుమారు 3 మీటర్ల దాకా బ్లేడుకు గాలి వెనకనుంచి తగులుతుంది. మిగిలిన భాగం ఎక్కువ కోణం పట్టి ఆ లోటు తీర్చాలి, ఒక హద్దు దాటాక అది స్టాల్ అవుతుంది, అంటే ఎత్తే బలం కోల్పోతుంది.

రెండు రకాల జవాబులు వచ్చాయి. బ్రిటిష్ హెలికాప్టర్ లింక్స్ తెడ్డు ఆకారపు కొసలున్న బ్లేడ్లతో 1986 ఆగస్టు 11న గంటకు 400.87 కిలోమీటర్లు అందుకుంది. సోవియట్ హెలికాప్టర్ ఎంఐ-24 పొట్టి రెక్కలు పెట్టి వేగంలో రోటర్ భారం కొంత వాటికి పంచింది. వాటికి చెల్లించే ధర హోవర్‌లో: రోటర్ కిందికి తోసే గాలి రెక్కల మీదే పడి కిందికి నొక్కుతుంది. ఎత్తైన, వేడి ప్రదేశాల్లో అదే భారీ లోటు.

టార్క్‌రెంచ్:
టిల్ట్‌రోటర్ (రెక్కల కొసల మీది రోటర్లను ముందుకు వాల్చి విమానంలా ఎగిరేది, అమెరికా వీ-22 లాంటిది) ఇంకా ముందుకు వెళ్లింది. ఒక పోలిక చూడండి. వీ-22 రోటర్ల వ్యాసం 11.6 మీటర్లు, రెండింటి వైశాల్యం కలిపి 211 చదరపు మీటర్లు. బ్లాక్‌హాక్ ఒక్క రోటర్ వైశాల్యం 210. అంత వైశాల్యం మీదే వీ-22 నిట్టనిలువుగా లేచేటప్పుడు 23,800 కిలోలు మోస్తుంది, బ్లాక్‌హాక్ దాదాపు 10,000. చదరపు మీటరుకు 113 కిలోలు, 48 కిలోలు. లెక్క ప్రకారం కిందికి పోయే గాలి వేగం వీ-22కు గంటకు 150 కిలోమీటర్లు, బ్లాక్‌హాక్‌కు 100. దుమ్ములో దిగడం, కింద తాడు పట్టుకుని నిలబడటం ఎందుకు కష్టమో ఇక్కడే తెలుస్తుంది.

నీలాకాశం:
అంత గాలి తోస్తే వోర్టెక్స్ రింగ్ (రోటర్ తను తోసిన గాలి సుడిలోనే చిక్కుకోవడం) రావడం ఆలస్యం కావాలి కదా? 2000లో అరిజోనాలోని మరానా దగ్గర వీ-22 ప్రమాదం మరి ఎలా జరిగింది?

స్వాష్‌ప్లేట్:
ఆలస్యం అవుతుంది, నిజమే. రోటర్ తను తోసిన గాలిలోకే తను దిగాలంటే దిగే వేగం ఎక్కువ ఉండాలి. కానీ ఆ రోజు, 2000 ఏప్రిల్ 8న, తక్కువ ముందు వేగంతో నిమిషానికి 2,000 అడుగులకు పైగా దిగారు. మామూలు హెలికాప్టర్‌లో రోటర్ అలా చిక్కుకుంటే నిటారుగా కూలుతుంది. వీ-22లో ఒక రోటర్ ముందు చిక్కుకుంది, రెండోది ఎత్తుతూనే ఉంది, కాబట్టి పల్టీ కొట్టింది. 19 మంది మరణించారు. ఆ దొర్లుడును ఆపాలని ఎదురు వైపుకు కర్ర లాగితే చిక్కుకున్న రోటర్ మీదే పిచ్ (బ్లేడు కోణం) పెరిగి ఇంకా లోతుకు పోతుంది.

ఆ తర్వాత పరీక్షలు చేసి పెట్టిన హద్దు: ముందు వేగం 40 నాట్ల లోపు ఉంటే దిగే వేగం నిమిషానికి 800 అడుగులు దాటకూడదు. దాటితే కాక్‌పిట్‌లో హెచ్చరిక వస్తుంది. బయటపడే మార్గం టిల్ట్‌రోటర్‌కు సులువే, నాసెల్‌లను (రెక్కల కొసన రోటర్లను మోసే గూళ్లను) కొద్దిగా ముందుకు వాల్చితే రెండు రోటర్లూ శుభ్రమైన గాలిలోకి వస్తాయి. బొటనవేలి స్విచ్‌తో అయిపోయే పని, కానీ నేలకు ఎత్తు మిగిలి ఉండాలి.